రెండు ఎడమచేతుల గరిటెగాడు

గరిటెగాడికి రెండు చేతులూ ఎడమచేతులే. ఎడమ భుజానికి ఎడమచెయ్యి, కుడి భుజానికీ ఎడమచెయ్యే. బొటనవేలంత ఎత్తు కూడా లేని గాబ్లిన్ బొమ్మ అది, ఇంగ్లీషు కథల్లోని మరుగుజ్జు పిశాచం. ఒక చేతిలో డాలులా పట్టుకున్న కుండమూత, ఇంకో చేతిలో పైకెత్తిన గరిటె, ముఖమంతా ముక్కే, మిగిలిన చోటంతా నోరు. బల్ల మీద బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధపు ఆటలో వాడి ప్రతాపం ఏమంత గొప్పది కాదు, ఎవరు పాచిక వేసినా మొదటి దెబ్బకే చస్తాడు. అయినా నలభై ఏళ్ళుగా ఆ ఆట ఆడేవాళ్ళందరూ వాడి కోసం పడి చస్తున్నారు.

కారణం ఆ చేతులే. "గాబ్లిన్ జాతి ఎంత వంకరదంటే, వాళ్ళకి రెండూ ఎడమచేతులే ఉంటాయి" అని బొమ్మల శిల్పి రాడ్నీ హాడో 1985లో ఒక పత్రికవాడితో అన్నాడు. బొమ్మ కంటే ఆ మాట ఎక్కువ ప్రచారమైంది. ఆయన వేసిన చమత్కారం అంటూ జనం దాన్ని తరాల తరబడి చెప్పుకున్నారు.

ఆ మాట విన్నప్పుడల్లా నోరీన్ వాగ్‌స్టాఫ్‌కి ఒళ్ళు మండేది. ఎందుకంటే గరిటెగాడిని చేసింది రాడ్నీ కాదు, నోరీన్. ఆ చేతులు చమత్కారమూ కాదు, శుద్ధ పొరపాటు.

అప్పట్లో ఆమెకి ఇరవై రెండేళ్ళు. నాటింగ్‌హామ్‌లో మూతబడిన ఒక లేసు మిల్లు పై అంతస్తులో బ్లాక్ హెరన్ అనే చిన్న బొమ్మల కంపెనీ ఉండేది. అయిదుగురు శిల్పులు, ఒక కెటిల్, చలికాలమంతా ముక్కు చీదుళ్ళు. పెద్ద శిల్పి రాడ్నీ. అక్కడ ఎవరు ఏ బొమ్మ చేసినా కేటలాగులో ఆయన పేరే పడేది. అది ఆ కంపెనీ ఆచారం, ఎవరూ ప్రశ్నించేవారు కాదు. సొమ్మొకడిది సోకొకడిది అనే సామెత ఆ మిల్లులో పుట్టిందంటే నమ్మొచ్చు.

పొరపాటు ఇలా జరిగింది. గరిటె పైకెత్తిన పిడికిలి ఎదుటివాళ్ళకి ఎలా కనిపిస్తుందో తన చేతిని తాను చూసుకుంటే తెలియదు. నోరీన్‌ది ఎడమచేతి వాటం. అందుకని కుడిచేత్తో టీ చెంచా పైకెత్తి పట్టుకుని, బల్ల మీద అద్దం నిలబెట్టి, అందులో చూస్తూ ఎడమచేత్తో పిడికిలి మలిచింది. అద్దంలో కుడిచెయ్యి ఎడమచెయ్యిలా కనిపిస్తుందన్న సంగతి, చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి, గురువారం సాయంత్రం గడువు మీద పడుతున్న పిల్లకి తట్టలేదు. సోమవారం పోతపోసిన బొమ్మలు చేతికొచ్చాకే కళ్ళు తెరుచుకున్నాయి. అప్పటికి నాలుగువందలు పోసేశారు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది. రాడ్నీ దాన్ని చమత్కారం చేసి చెప్పినప్పుడు అందరితో పాటు తనూ నవ్వింది. ఉద్యోగం నిలబడిందని ఆ రోజు నిజంగానే సంతోషించింది. అదే ఆమెని తర్వాత ఎక్కువగా పీడించింది.

మూడేళ్ళకి ఆ కంపెనీ వదిలేసి కట్టుడుపళ్ళు తయారుచేసే లాబ్‌లో చేరింది. పనిముట్లు అవే. మైనం చెక్కే చాకు, సూది, చిన్న గరిటె. ముప్ఫై ఏడేళ్ళ పాటు ఊళ్ళోవాళ్ళ నోళ్ళకి పళ్ళు పెట్టి, ఈ వసంతంలో రిటైరైంది. రిటైరైన నెలకి కంటబడింది ఆ ప్రకటన. గరిటెగాడికి నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా కొత్త పెట్టెలో వాణ్ణి మళ్ళీ అమ్మకానికి తెస్తున్నారట, పెట్టె మీద "శిల్పి రాడ్నీ హాడో."

మర్నాడే ఆ పెట్టె తెస్తున్న క్లైవ్ బార్డిల్ పోత కొట్టుకి వెళ్ళింది. క్లైవ్ పాత పరిచయమే. బ్లాక్ హెరన్ మూతబడ్డప్పుడు అచ్చులన్నీ కొనుక్కున్నవాడు. కాలిన రబ్బరు వాసన మధ్య కూర్చుని బేకన్ పెట్టిన బన్ను తింటున్నాడు.

"ఏం బాతూ, దారి తప్పావా?" అన్నాడు. నాటింగ్‌హామ్ చుట్టుపక్కల ఆప్యాయంగా పిలిస్తే ఆడా మగా, చిన్నా పెద్దా, అందరూ బాతులే.

"తప్పలేదు. నీ ప్రకటన చూసే వచ్చా. పెట్టె మీద రాడ్నీ పేరు వేస్తున్నావట."

"మరి ఎవరి పేరు వెయ్యమంటావు, మా అత్తగారిదా?"

"నాది. వాణ్ణి చేసింది నేను."

క్లైవ్ నమలడం ఆపాడు. ఆమె మొత్తం చెప్పింది. చెంచా, అద్దం, గురువారం, సోమవారం. అతను విన్నాడు. నమ్మాడో లేదో ముఖం చూస్తే తెలియలేదు.

"నలభై ఏళ్ళు ఇది కడుపులో పెట్టుకుని కూర్చున్నావా?"

"ఊరికే కూర్చోలేదు, పళ్ళు చేస్తూ కూర్చున్నా. ఇప్పుడు తీరిక దొరికింది."

"ఋజువేది తల్లీ? నువ్వు చేసిన మూలబొమ్మ అచ్చు తీసేటప్పుడే ప్రెస్సులో నుజ్జయిపోయి ఉంటుంది. ఏ బొమ్మకైనా అదే గతి. కాగితాలు చూస్తే అన్నిట్లో ఆయన పేరే. జనం నోట్లోనూ ఆయన పేరే. నేను ఒక్కసారిగా మార్చేస్తే నన్ను తంతారు."

"పాత అచ్చు పనిచేస్తోందా?"

క్లైవ్ ఆ అచ్చు రబ్బరు పలక తీసి చేత్తో వంచాడు. ఎండిన రొట్టెలా పెచ్చులూడింది. "లేదు. పాత బొమ్మ మీంచి కొత్త అచ్చు తీద్దామంటే వెంట్రుకవాసి చిక్కిపోతాడు. మళ్ళీ చెయ్యమని రాడ్నీని అడిగా. దగ్గరివి కళ్ళకి ఆనటం లేదన్నాడు."

"నేను చేస్తా."

క్లైవ్ బన్ను పూర్తిచేసి, వేళ్ళు తుడుచుకుని, ఆలోచించి చెప్పాడు. "శనివారం బీస్టన్ హాల్లో బొమ్మల మేళా ఉంది. రాడ్నీ వస్తాడు, సంతకాలు పెడతాడు. నువ్వు ఎదురు బల్ల మీద కూర్చుని అందరి ముందూ చెయ్యి. అక్కడికొచ్చేవాళ్ళకి ఆ బొమ్మ వాళ్ళ పిల్లల మొహాల కంటే బాగా తెలుసు. వాళ్ళు ఒప్పుకుంటే నీ పేరు వేస్తా. ఒప్పుకోకపోతే రాడ్నీ పేరే. నువ్వు మళ్ళీ ఈ ఊసెత్తకూడదు."

"సరే."

"ఆలోచించుకో బాతూ. నవ్వులపాలవుతావు."

"సరే అన్నాగా. ఆ పుట్టీ పొట్లం ఒకటి ఇలా పడెయ్."

బొమ్మలు మలిచే ఆ పుట్టీ రెండు రంగుల పట్టీలుగా వస్తుంది, పసుపూ నీలమూ. రెండూ కలిపి పిసికితే ఆకుపచ్చగా అవుతుంది. పిసికిన దగ్గర్నుంచి గంటన్నర మన మాట వింటుంది, ఆ తర్వాత రాయి. ఒక పొర గట్టిపడ్డాక గానీ ఇంకో పొర వెయ్యడానికి లేదు. అందుకే నోరీన్ ఆ వారమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుని తీగ ఎముకలు వంచింది, కాళ్ళు వేసింది, బొజ్జ వేసింది. చేతులు మాత్రం శనివారానికి అట్టేపెట్టింది.

మొదటి తల చేసి భూతద్దంలో చూసుకుంటే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గాబ్లిన్ పళ్ళు వరసగా, ముత్యాల్లా, పైపన్ను కిందపన్ను అతికినట్టు కుదిరి ఉన్నాయి. ముప్ఫై ఏడేళ్ళ అలవాటు. అంత మంచి పళ్ళున్న గాబ్లిన్‌ని చూసి ఎవరు భయపడతారు? పీకేసింది. రెండో తల పళ్ళు వంకరగానే వచ్చాయి గానీ చూపు జాలిగా వచ్చింది. అదీ పీకేసింది. మూడోది బుధవారం పొద్దున చేసింది. ముక్కు కింద ఆ పాత కొంటెనవ్వు మళ్ళీ కనిపించింది. దాన్ని చూస్తూ చల్లారిన టీ తాగింది. ఇరవై రెండేళ్ళ పిల్ల చేసినదానికి ఇది ఏ మాత్రం తీసిపోదు, ఇంకాస్త మెరుగే అనుకుంది. అనుకోవడానికి మొహమాటపడలేదు.

శనివారం హాలు కిటకిటలాడింది. బల్లల మీద కొండలు, కోటలు, ఎరుపూ పసుపూ రంగులు కొట్టొచ్చినట్టు వేసిన సైన్యాలు. రంగులేసేవాళ్ళు ముక్కు కొనకి కళ్ళజోళ్ళు జార్చుకుని మూడు వెంట్రుకల కుంచెలతో కనుపాపలు దిద్దుతున్నారు. ఒక మూల పుదీనా పులుసు పోసిన బఠాణీల ముద్ద అమ్ముతున్నారు. కిటికీ పక్కన రాడ్నీ హాడో కూర్చున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు, తెల్లగడ్డం, మోకాళ్ళ మధ్య చేతికర్ర. ఆయన ముందు వరస కట్టిన జనం. నోరీన్ని చూసి తల ఊపాడు. ఆవిడా ఊపింది.

ఆమె బల్ల మీద క్లైవ్ ఒక అట్టముక్క పెట్టాడు. "గరిటెగాడిని తానే చేశానని ఈవిడ అంటున్నారు. చూసి చెప్పండి." అంతకంటే సూటిగా రాయడం అతనికి చేతకాదు.

పావుగంటలో జనం మూగారు. ముందు నిలబడ్డవాడు నెవిల్ పీచ్. యాభై ఏళ్ళవాడు, లారీ మెకానిక్. ఇంటి నిండా గాబ్లిన్లే. గరిటెగాడిని పన్నెండు రకాల రంగుల్లో వేశాడు, పదమూడోవాడిని ముంజేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. ఆ రెండు ఎడమచేతుల చమత్కారం గురించి అభిమానుల పత్రికలో ఆరు పేజీల వ్యాసం రాసిన ఘనుడు కూడా.

"అమ్మా, నమస్కారం. ఏమీ అనుకోకండి, నేను నమ్మను" అన్నాడు మర్యాదగా.

"నమ్మకు. చూడు" అంది నోరీన్.

కుండమూత చెయ్యి ముందు చేసింది. చకచకా వచ్చింది. జనంలో గుసగుసలు లేచాయి. తర్వాత గరిటె చెయ్యి. మణికట్టు, అరచెయ్యి, వేళ్ళు నాలుగు వరసగా, పైన బొటనవేలు. చాకు కొనని తడిపి ఆఖరి గోరు నొక్కి, దీపం కిందకి జరిపింది.

నెవిల్ వంగి చూశాడు. "అమ్మా" అన్నాడు, ఈసారి జాలిగా. "అది కుడిచెయ్యి."

నోరీన్ చూసింది. కుడి భుజానికి కుడిచెయ్యి. చక్కగా, తప్పు పట్టడానికి వీల్లేకుండా. ముప్ఫై ఏడేళ్ళు కుడి దవడ పన్ను ఎడమవైపు పెట్టని చెయ్యి, ఇవాళ మాత్రం తప్పు ఎలా చేస్తుంది?

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. "చేసినావిడకే తెలియదట, ఏ చెయ్యో" అన్నారు ఇంకెవరో. ఒక్కసారి నవ్వు హాలంతా పాకింది. నోరీన్ చెవులు ఎర్రబడ్డాయి. లేచి కోటు వేసుకుని వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళిపోతే ఇక ఈ జన్మకి ఆ బొమ్మ ఆమెది కాదు. ఆ సంగతి ఆమెకి ఎంత బాగా తెలుసో, కుర్చీలో అంత గట్టిగా కూర్చుంది.

చాకు తీసి ఆ చెయ్యిని మణికట్టు దాకా కోసి పారేసింది.

"గంటన్నర ఆగే ఓపికున్నవాళ్ళు ఆగండి" అంది. "లేనివాళ్ళు బఠాణీలు తినండి."

కొత్త పుట్టీ పిసికింది. సంచిలోంచి ముఖం చూసుకునే అద్దం తీసి డబ్బాకి ఆనించింది. టీ చెంచా కుడిచేత్తో పైకెత్తి పట్టుకుంది. ఇక బొమ్మ గురించి ఆలోచించలేదు. కుడీ ఎడమా ఆలోచించలేదు. అద్దంలో ఏది కనపడితే అది, ఆ పిడికిలిలో ఏ వేలు ఎటుంటే అటు, కళ్ళకి కనపడింది చేతికి అప్పజెప్పింది. తెలిసి తప్పు చెయ్యడం ఒప్పు చెయ్యడం కంటే కష్టమని ఆమెకి అప్పుడే తెలిసింది. రెండుసార్లు చెయ్యి తనంత తాను సరిదిద్దబోయింది. రెండుసార్లూ కసురుకుంది. పైకెత్తిన భుజం తిమ్మిరెక్కింది. దించలేదు.

నవ్వినవాళ్ళు నవ్వడం మానేసి ఒక్కొక్కరూ దగ్గరికి జరిగారు.

పూర్తయ్యాక నెవిల్ జేబులోంచి తన పాత గరిటెగాడిని తీసి పక్కన పెట్టాడు. ఒకటి పచ్చి పుట్టీ, ఇంకోటి ముప్ఫై ఏళ్ళ కిందటి ఎర్ర టోపీ, పసుపు జోళ్ళు. బొటనవేలు అదే వైపు, అదే వంపు. రెండూ ఎడమచేతులు.

"అంటే ఇది..." అని ఆగాడు. "చమత్కారం కాదా?"

"కాదు నాయనా. తప్పు. నా తప్పు. అద్దంలో చూసి చేశా."

నెవిల్ ముఖం చిన్నబోయింది. ముంజేతి మీది పచ్చబొట్టు తెలియకుండానే రుద్దుకున్నాడు. "అద్దం కథ తర్వాత ఎవరైనా అల్లొచ్చు" అన్నాడు. కానీ ఆ గొంతులో ఇందాకటి ధీమా లేదు.

"అల్లొచ్చు" అంది నోరీన్. "అయితే నీకు తెలిసినవాళ్ళలో పేరు కోసం తప్పుని నాదే నాదే అని ఎగబడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

కొందరు నవ్వారు. అలాగని ఎవరూ ఒప్పుకోనూ లేదు. క్లైవ్ తల గోక్కున్నాడు. అప్పుడు వినిపించింది చేతికర్ర చప్పుడు. జనం దారి ఇచ్చారు. రాడ్నీ వచ్చి ఆమె ఎదురు కుర్చీలో కూర్చుని, భూతద్దం అడిగి పుచ్చుకుని, పుట్టీ బొమ్మని చాలాసేపు చూశాడు. కనపడిందో లేదో ఆయనకే తెలియాలి.

"శుక్రవారం పొద్దున బొమ్మని ప్రెస్సుకి పట్టుకెళ్ళింది నేనే" అన్నాడు. ఎవరితో అంటున్నాడో అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. "మెట్ల మీద చూశా. కుడి భుజానికి ఎడమచెయ్యి. వెనక్కొచ్చి నీకు చెప్పాల్సింది పిల్లా. ఆ నెలలో యజమాని అప్పటికే ఇద్దర్ని పంపించేశాడు. మూడోది నువ్వవుతావని అలాగే ప్రెస్సులో పెట్టించేశా. పత్రికవాడు అడిగితే చమత్కారం అనేశా. నిన్ను కాపాడదామనే అన్నా."

నోరీన్‌కి ఈ సంగతి తెలియదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నలభై ఏళ్ళుగా తిట్టుకున్న మనిషి తన ఉద్యోగం నిలిపాడని తెలిస్తే ఎవరికి తిరగవు? ఒక క్షణం ఆమెకి అంతా వదిలేద్దామని కూడా అనిపించింది.

వదల్లేదు.

"నమ్ముతున్నా" అంది. "మొదటి వారం మీరు చేసింది దయే. అందుకు థాంక్స్. మరి తర్వాతి నలభై ఏళ్ళూ ఏమిటి, రాడ్నీ?"

ఆయన చేతికర్ర పిడిని నిమిరాడు.

"బాగుండేది" అన్నాడు. "వాళ్ళు నవ్వుతుంటే బాగుండేది. నేను చేసిన బొమ్మలు మూడొందలు. ఒక్కదాన్ని చూసి కూడా ఎవరూ అలా నవ్వలేదు."

ఆయన క్లైవ్ వైపు తిరిగి, "ఆవిడ పేరు వెయ్" అన్నాడు.

క్లైవ్ జనం వైపు చూశాడు. నెవిల్ తల ఊపాడు, ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. అప్పుడు నెవిల్ తన ఎర్రటోపీ బొమ్మని అందుకుని తిరగేశాడు. పీట అడుగున నల్లసిరాతో సంతకం ఉంది, రాడ్నీ హాడో. అడుగంతా నిండింది, ఇంకో అక్షరానికి చోటు లేదు.

"అమ్మా, మీ సంతకం కావాలి. మరి దీన్నేం చెయ్యను?"

"ఆయన్నే అడుగు" అంది నోరీన్.

రాడ్నీ బొమ్మని అందుకున్నాడు. బొటనవేలితో సిరా మీద ఒకసారి రుద్దాడు. బల్ల మీదున్న చాకు తడుముకుని తీసుకుని, పీట మీద పెట్టి, ఎక్కడ గీకాలో కనపడక ఆగాడు. తర్వాత చాకునీ బొమ్మనీ ఆమె వైపు జరిపాడు.

"నాకు కనపడదు పిల్లా. నువ్వే గీకెయ్."

ఆమెకి ఆయన మీద జాలేసింది. జాలేసినా ఆగలేదు. మొదటి అక్షరం దగ్గర మొదలుపెట్టి చివరి అక్షరం దాకా, నల్లపొట్టు బల్ల మీద రాలుతుంటే, ఆయన చూస్తుండగానే గీకింది. ఉఫ్‌మని ఊదింది. కలం తీసి తన పేరు పొట్టిగా కాకుండా పూర్తిగా, నోరీన్ వాగ్‌స్టాఫ్ అని రాసి, సిరా ఆరేదాకా పట్టుకుని నెవిల్ చేతిలో పెట్టింది.

కిటికీ పక్క బల్ల ముందు నిలబడ్డ వరస అప్పటికే ఇటు తిరిగింది. ప్రతివాడి చేతిలోనూ ఒక గరిటెగాడు, ప్రతి బొమ్మ అడుగునా అదే రాడ్నీ సంతకం. రాడ్నీ కుర్చీలోంచి లేవలేదు. నోరీన్ చాకు తుడుచుకుని చెయ్యి చాపింది.

"తర్వాతిది ఇవ్వండి" అంది.